14వ పేజీ ఎవరిది? టేబుల్‌టాప్ ఆర్పీజీ రాసేవాళ్లకు ఎదురయ్యే కాపీరైటు చిక్కులు

పోయిన నెల విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో మా ఆట పుస్తకం ప్రూఫు చూసుకుంటుంటే, ఓనరు గారు కళ్లజోడు పైకి నెట్టుకుని 14వ పేజీ మీద వేలు పెట్టారు. "బాబూ, ఈ బొమ్మ మీరు వేయించిందేనా, ఎక్కడి నుంచన్నా దించిందా? తర్వాత నా మీదకి రాకూడదు." గుండ్రటి ఒళ్లు, మధ్యలో ఒకటే పెద్ద కన్ను, నెత్తి మీద కాడల్లాగా మొలిచిన చిన్న చిన్న కళ్లు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పొట్టిగా డీ అండ్ డీ) అనే ఆట పుస్తకం ఒక్కసారి తిరగేసినవాళ్లెవరైనా చెప్పేస్తారు, అది ఆ ఆటలోని బిహోల్డర్ అనే రాక్షస జీవి అని. మా వాళ్లలోనే ఒకడు చేత్తో గీశాడు, పేరు కూడా 'వేయికళ్ల భూతం' అని మార్చాం, ఇక అది మాదే అనుకున్నాం. ఆయన అడిగేదాకా ఎవరికీ అనుమానమే రాలేదు.

ఆయన భయంలో న్యాయం ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం తెలిసి కాపీ కొడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఎస్సై, ఆ పై స్థాయి అధికారి కాపీలతో పాటు వాటిని అచ్చేసిన ప్లేట్లను కూడా వారంట్ లేకుండా పట్టుకుపోవచ్చు. అంటే రాసింది మేమైనా ముందు ఇరుక్కునేది ప్రెస్సు.

అచ్చు ఆపించి గుంటూరు తిరిగొచ్చాం. మాది ఆరుగురి బ్యాచ్, బ్రాడీపేటలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఆడతాం. ఈ రకం ఆట, అంటే టేబుల్‌టాప్ ఆర్పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్), చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు, పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్తారు, అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల డైస్ వేసి తేలుస్తారు. బోర్డు అక్కర్లేదు, కాగితాలు, పెన్సిళ్లు, పుస్తకం ఉంటే చాలు. మేం రెండేళ్లుగా పల్నాటి యుద్ధం చుట్టూ ఒక ఆట అల్లుతున్నాం. కారెంపూడి, మాచర్ల, గురజాల, నాగులేరు ఒడ్డు, కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు. నియమాలు మాత్రం చాలావరకు డీ అండ్ డీ నుంచి తెచ్చుకున్నాం, ఎందుకంటే మేం ఆట నేర్చుకున్నదే దాంట్లో.

ఆ తర్వాత మూడు వారాలు నేను దీని మీదే కూర్చున్నాను. నేను లాయర్ని కాదు, లక్షలు పెట్టేముందు మీరు లాయర్ని కలవాల్సిందే. కానీ అసలు ఏం అడగాలో తెలియకుండా వెళ్తే లాయర్ కూడా ఏం చెప్పలేరు. ఈ ఆటలు రాసేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే, "ఫలానా ఆటను మనం వాడుకోవచ్చా?" అని. ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక్క పేజీ తీసుకుని దాంట్లో నియమం ఏది, దాన్ని చెప్పిన వాక్యం ఏది, పేరు ఏది, బొమ్మ ఏది, పద్యం ఏది అని విడదీసి, ఒక్కోదాని గురించి విడిగా అడిగితేనే జవాబు వస్తుంది. మా 14వ పేజీలో ఇవన్నీ ఉన్నాయి, అందుకే దాన్నే పట్టుకుని చెప్తాను.

ముందు నియమం. ఆ పేజీలో పైన ఒక పెట్టెలో "చాపకూడు" అని ఉంటుంది. దెబ్బలు తిన్న పాత్రలన్నీ రాత్రికి ఒకే చాప మీద కూర్చుని కలిసి తింటే పోయిన ప్రాణబలం తిరిగొస్తుంది, ఒక్కరు విడిగా తిన్నా ఎవరికీ సగానికి మించి రాదు. విశ్రాంతి తీసుకుంటే బలం తిరిగి రావడం అనేది డీ అండ్ డీలో ఉంది, వందల ఆటల్లో ఉంది. అది తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. ఆట ఆడే పద్ధతికి కాపీరైటు ఉండదు, దాన్ని వివరించిన రాతకు ఉంటుంది. పేటెంటు కూడా రాదు, ఆట ఆడే పద్ధతి ఆవిష్కరణ కిందకు రాదని మన 1970 పేటెంట్ల చట్టంలో మూడో సెక్షన్ ఎం క్లాజు సూటిగా చెప్తుంది. కాబట్టి ఇరవై ముఖాల డైస్ వేసి, దానికి పాత్ర బలం కలిపి, ఒక అంకె దాటిందా లేదా చూడటం ఎవరి సొత్తూ కాదు. అదే నియమాన్ని వాళ్ల పుస్తకంలో ఉన్న వాక్యాల్లోనే, అదే వరసలో, అవే ఉదాహరణలతో ఎత్తి రాస్తే అది కాపీ. తెలుగులోకి మార్చాం కదా అంటే కుదరదు, అనువాద హక్కు కూడా మూల రచయితదే.

దీని గురించి మన కోర్టులు చెప్పిన రెండు తీర్పులు ప్రతి ఆట రచయితా తెలుసుకోవాలి. ఒకటి 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో ఇచ్చింది. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని ఒక రచయిత వేసిన కేసు అది, ఆయన ఓడిపోయారు. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక లేదా పురాణ విషయాలకు కాపీరైటు ఉండదు, వాటిని ఒక రచయిత చెప్పిన తీరుకే ఉంటుంది అని కోర్టు తేల్చింది. పల్నాటి యుద్ధం మీద నేను ఆట రాస్తే, రేపు మీరూ రాయొచ్చు, నేను అడ్డం చెప్పలేను. రెండోది 2008లో ఢిల్లీ హైకోర్టులో వచ్చింది. కోల్‌కతాకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు స్క్రాబుల్ లాంటి ఆటను ఆన్‌లైన్‌లో స్క్రాబ్యులస్ అనే పేరుతో నడిపారు, స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ కేసు వేసింది. బోర్డు మీద, నియమాల మీద కాపీరైటు పేరుతో ఆపమంటే కోర్టు ఒప్పుకోలేదు. కానీ ఆ పేరు ట్రేడ్‌మార్కుకు దగ్గరగా ఉంది కాబట్టి దాన్ని వాడొద్దంది. ఆట బతికింది, పేరు మారింది. నాకు ఈ కేసు చదివాకే విషయం బుర్రకెక్కింది: ఒకే ఆట విషయంలో ఒక హక్కు నిలబడలేదు, ఇంకో హక్కు నిలబడింది.

ఇక ఆ పేజీ మధ్యలో ఉన్న పట్టిక. రాక్షసుడి బలం, కవచం, వేగం, దెబ్బకు ఎన్ని డైస్. దాన్ని మేం సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ నుంచి దాదాపు అలాగే తెచ్చాం. దీని వెనక పెద్ద కథ ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే లైసెన్స్ అనే మాటను మనం ఎంత తేలిగ్గా నమ్ముతామో దీంట్లో కనిపిస్తుంది.

డీ అండ్ డీ 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాయగా టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ అచ్చేసింది. 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే ఆటల కంపెనీ దాన్ని కొంది, 1999లో ఆ విజార్డ్స్‌ను హాస్‌బ్రో కొంది. 2000లో మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు విజార్డ్స్ వాళ్లు ఒక పని చేశారు. ఆట నియమాల్లో ముఖ్యమైనవన్నీ ఒక పత్రంగా కూర్చి, ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకుని పుస్తకాలు అమ్ముకోవచ్చన్నారు. ఆ పత్రమే ఎస్ఆర్‌డీ, ఆ లైసెన్సే ఓజీఎల్. దాని మీద ప్రపంచమంతా వందల కొద్దీ చిన్న ప్రచురణ సంస్థలు పుట్టాయి. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట కూడా దాని మీద నిలబడిందే.

ఓజీఎల్‌లో ఒక మెలిక ఉంది, చాలామంది చూడనిది. నువ్వు ఆ లైసెన్స్ ఒప్పుకుంటే, ఫలానా ట్రేడ్‌మార్కు ఉన్న ఆటతో ఇది ఆడుకోవచ్చు అని నీ పుస్తకం మీద రాసుకునే వీలు వదులుకున్నట్టే, విడిగా అనుమతి ఉంటే తప్ప. నియమాలు ఎలాగూ ఎవరి సొత్తూ కావు కదా, మరి లైసెన్స్ ఎందుకు తీసుకున్నారంటే, వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవడానికి, కోర్టు మెట్లెక్కాల్సిన పని లేకుండా నిద్రపోవడానికి. పెద్ద కంపెనీతో కేసు గెలిచినా చిన్నవాడు దివాలా తీస్తాడు. ఆ ప్రశాంతత కోసమే అందరూ ఒప్పుకున్నారు.

2023 జనవరి మొదట్లో కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటి సంపాదించేవాళ్లు ఆ పైన వచ్చిన దాంట్లో 25 శాతం ఇవ్వాలి, 50,000 డాలర్లు దాటితే లెక్కలు చెప్పాలి, పాత ఓజీఎల్ 1.0ఎ ఇక చెల్లదు. ఇరవై ఏళ్లకు పైగా దాని మీద బతికినవాళ్లకు కాళ్ల కింద నేల కదిలిపోయింది. పాత లైసెన్స్‌లో "శాశ్వతం" అన్న మాట ఉంది, కానీ "వెనక్కి తీసుకోలేం" అన్న మాట లేదు. ఇంకో చోట "అధికారం ఇచ్చిన ఏ వెర్షన్ అయినా వాడుకోవచ్చు" అని ఉంది. అంటే ఆ అధికారాన్ని మేమే తీసేస్తాం అని వాదించడానికి సందు దొరికింది. ఒక్క మాట రాయనందుకు ఇంత గొడవ. ఎవరైనా మీకు లైసెన్స్ ఇస్తే ముందు ఆ ఒక్క మాట ఉందా లేదా వెతకండి, ఫీజు సంగతి ఆ తర్వాత.

ఆటగాళ్లు ఊరుకోలేదు. వాళ్ల డిజిటల్ చందాలు రద్దు చేసుకున్నారు, మార్చిన ముసాయిదా మీద కంపెనీ సర్వే పెడితే 15,000 మందికి పైగా జవాబిచ్చారు, ఎక్కువ భాగం వద్దనే. జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గింది. పాత లైసెన్స్ ముట్టుకోబోమని చెప్పి, ఇంకా ముందుకెళ్లి ఎస్ఆర్‌డీ 5.1 మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ (ఎక్కడి నుంచి తెచ్చామో చెప్తే ఎవరైనా వాడుకోవచ్చనేది) కింద విడుదల చేసింది. 2025లో ఎస్ఆర్‌డీ 5.2 కూడా అదే లైసెన్స్ కింద వచ్చింది. ఈ లైసెన్స్‌లో వెనక్కి తీసుకోలేం అని స్పష్టంగా రాసి ఉంది, పైగా ఆ లైసెన్స్ మాటల మీద అధికారం క్రియేటివ్ కామన్స్ సంస్థది, ఆట కంపెనీది కాదు. ఇదే సమయంలో పాత్‌ఫైండర్ అచ్చేసే పైజో, ఇంకొందరు ప్రచురణకర్తలు కలిసి ఓఆర్‌సీ అనే ఇంకో లైసెన్స్ 2023లోనే తెచ్చారు. దాంట్లో మీ నియమాలు మిగతావాళ్లకు వాడుకోవడానికి ఇవ్వాలి, మీ కథ, పాత్రలు మాత్రం మీవే.

కాబట్టి మా పట్టిక విషయంలో చిక్కు లేదు, ఒక్క షరతు పాటిస్తే. ఎక్కడి నుంచి తెచ్చామో చెప్పాలి, లైసెన్స్ ఏదో చెప్పాలి, మార్చామని చెప్పాలి. ఎస్ఆర్‌డీలో దానికోసం ఒక ఇంగ్లీషు వాక్యం వాళ్లే రాసిచ్చారు, అదే ఉన్నదున్నట్టు పెట్టాలి, అంతకు మించి కంపెనీ పేరు వాడొద్దన్నారు. "ఫిఫ్త్ ఎడిషన్‌తో ఆడుకోవచ్చు" అని, అంటే డీ అండ్ డీ ఐదో ఎడిషన్ అని అర్థమయ్యేలా, రాసుకోవచ్చు. అట్ట మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని పెద్దక్షరాల్లో వేసుకుంటే మాత్రం ఆ లైసెన్స్ కాపాడదు, ట్రేడ్‌మార్కు అందులో ఇవ్వలేదు. తెలుగులోకి అనువదించి అమ్ముకోవడానికి కూడా ఈ లైసెన్స్ ఒప్పుకుంటుంది, మన భాషలో ఆట రాసేవాళ్లకు ఇంతకంటే మంచి వార్త లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు బొమ్మ. ఓజీఎల్ కింద వచ్చిన ఎస్ఆర్‌డీలోనే "ఇవి మా సొంతం, ఇవ్వట్లేదు" అని ఒక జాబితా ఉండేది. అందులో బిహోల్డర్ ఉంది, మైండ్ ఫ్లేయర్ ఉంది, డిస్‌ప్లేసర్ బీస్ట్ ఉంది. మా వాడు చేత్తో గీసినా, తెలుగు పేరు పెట్టినా, చూసినవాడికి అదే జీవి గుర్తొస్తే అది వాళ్ల పాత్ర రూపాన్ని దించినట్టే. పేరు మార్చడం వల్ల పేరు సమస్య పోతుంది, రూపం సమస్య పోదు.

డీ అండ్ డీ వాళ్లకే ఇదే అనుభవం తప్పలేదు. మొదటి పుస్తకాల్లో హాబిట్ (పొట్టి మనుషుల జాతి) అనే మాట వాడారు, 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ రచనల హక్కులున్న సంస్థ అభ్యంతరం పెడితే 1970ల చివర్లో దాన్ని హాఫ్‌లింగ్ చేశారు, ఎంట్ అనే నడిచే చెట్టు ట్రీఎంట్ అయింది, బాల్‌రాగ్ అనే భూతం బాలోర్ అయింది. ఎల్ఫ్, డ్వార్ఫ్, గోబ్లిన్ మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే అవి పాత జానపద కథల్లోవి. టోల్కీన్ 1973లో పోయారు, మన దేశంలో ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు గడువు 2033 చివరికి తీరుతుంది. తీరినా హాబిట్ అనే పేరు మీద ట్రేడ్‌మార్కు అలాగే ఉంటుంది, దాన్ని రెన్యువల్ చేసుకుంటూ పోతే అంతం లేదు.

మా పేజీలో ఆ బొమ్మ తీసేసి కొరివిదెయ్యం పెట్టాం. మాచర్ల వైపు రాత్రిపూట పొలాల్లో దూరంగా మంట కదిలినట్టు కనపడి, దగ్గరికి వెళ్తే ఇంకా దూరం జరిగేది. మా అమ్మమ్మ చెప్పిన కొరివిదెయ్యం ఎవరి జాబితాలోనూ లేదు. నిజం చెప్పాలంటే ఆటలో కూడా అదే ఎక్కువ భయపెట్టింది.

పేజీ కింద శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర నుంచి నాలుగు ద్విపద పాదాలు, దాని కింద తాత్పర్యం. శ్రీనాథుడు పోయి ఐదారు వందల ఏళ్లయింది, ఆ పాదాలు అందరివీ. తాత్పర్యం మాత్రం మేం ఈమధ్య వచ్చిన ఒక ప్రచురణ నుంచి దించేశాం, ఇక్కడ తప్పు చేశాం. పాత కావ్యానికి కొత్తగా రాసిన పీఠిక, అర్థ తాత్పర్యాలు, ఫుట్‌నోట్లు ఆ సంపాదకుడి సొంత రచనలు. ఆ సంపాదకుడు పోయిన 60 ఏళ్ల దాకా వాటికి రక్షణ ఉంటుంది. తాత్పర్యం చించేసి మేమే రాసుకున్నాం, రెండు ఆదివారాలు పట్టింది. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పుస్తకం దొరికింది కదా అని అది ఉచితం అనుకోవద్దు. దొరకడం వేరు, హక్కు తీరడం వేరు.

మన దేశంలో లెక్క ఇది. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. మొదట 50 ఏళ్లే ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991తో ఆయన రచనలకు గడువు తీరిపోవాల్సింది, ఆ సమయంలోనే గడువు 60 చేశారు, 1992లో చట్టం సవరించారు. ఈ లెక్క మన వాళ్లకు వేసి చూడండి. మాలపల్లి రాసిన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 2019 నుంచి ఆయన రచనలు అందరివీ. విజయవాడలో ఉండి రాసిన విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, 2036 చివరి దాకా ఆగాలి. వినుకొండలో పుట్టి గుంటూరులో పోయిన జాషువా 1971లో వెళ్లిపోయారు. అదే ఏడాది పింగళి నాగేంద్రరావు కూడా పోయారు. ఇద్దరి రచనలూ 2032 జనవరి 1న మన చేతికొస్తాయి.

పింగళి పేరు ఊరికే తీయలేదు. మా పేజీ పక్కన ఒక చిన్న పెట్టెలో ఘటోత్కచుడు వస్తాడు, మాయాబజార్ సినిమాలోని మాటలు రెండు మూడు వాక్యాలు అలాగే పెట్టాం, ఆడేవాళ్లు చూసి నవ్వుకుంటారని. ఘటోత్కచుడు భారతంలోవాడు, ఎవరైనా వాడుకోవచ్చు. అసమదీయులు, తసమదీయులు లాంటి ఒక్కో మాట మీద కాపీరైటు ఉండదు. కానీ సంభాషణ సంభాషణగా ఎత్తితే అది పింగళి రచన. సినిమాకు గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, రచనకు రచయిత పోయినప్పటి నుంచి. రెండు గడియారాలు విడివిడిగా నడుస్తాయి. ఆ వాక్యాలు తీసేశాం, ఘటోత్కచుడిని ఉంచాం.

బొమ్మల విషయంలో ఇది ఇంకా ఎక్కువ తగులుతుంది. భుజాన శవం వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు అనగానే మనందరి కళ్లముందుకొచ్చేది చందమామలో శంకర్ గీసిన రూపం. బేతాళ కథలు సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నాయి, పదకొండో శతాబ్దానివి, ఎంత కావాలంటే అంత వాడుకోండి. శంకర్ 2020లో పోయారు. హక్కు ఎవరి చేతిలో ఉన్నా ఆయన బొమ్మలకు గడువు 2080 దాకా నడుస్తుంది. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, ఆయన బొమ్మలకు 2052 దాకా. బేతాళుడిని ఆటలో పెట్టాలంటే మీ ఆర్టిస్టుకు చందమామ చూపించకుండా కథ చదివి వినిపించండి.

ఇంకో సంగతి కారెంపూడిలో ఎదురైంది. కార్తీకమాసంలో అక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి, వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. మా వాళ్లు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, ఆ పాట ఆడియోగా క్యూఆర్ కోడ్ పెట్టి పుస్తకంలో ఇద్దామన్నారు. కథ అందరిదే. కానీ పాడిన మనిషికి తన ప్రదర్శన మీద చట్టంలో విడిగా హక్కు ఉంది, 50 ఏళ్ల దాకా. ఆయన ఒప్పుకోకుండా రికార్డింగ్ అమ్మకూడదు. చట్టం మాట పక్కనపెట్టినా, అది వాళ్లకు పాట మాత్రమే కాదు, ఆ వీరులు అక్కడ పూజలందుకునే వాళ్లు. నేను మళ్లీ వెళ్లి అడిగాను. ఆయన ఆడియో వద్దన్నారు, కథ రాసుకోమన్నారు. క్యూఆర్ కోడ్ తీసేశాం. చాపకూడు నియమం ఆయనకు చదివి వినిపిస్తే మాత్రం, "కులం అడిగితే బలం రాదని కూడా రాయండి" అన్నారు. రాశాం, ఆయన పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు.

పుస్తకం పీడీఎఫ్ బయట దేశాల్లో కూడా అమ్మాలనుకుంటే ఇంకో మెలిక ఉంది. గడువు ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు లెక్క. అమెరికాలో పాత పుస్తకాలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు, రచయిత ఎప్పుడు పోయారన్నది వాళ్లకు అనవసరం. 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కు బతికి ఉన్న మన పుస్తకాలకు అక్కడ కూడా హక్కు తిరిగి పుట్టింది. జాషువా గబ్బిలం 1941లో వచ్చింది. ఇక్కడ 2032 నుంచి అందరిదీ, అక్కడ 2036 చివరి దాకా కాదు. డాలస్‌లో ఉన్న మీ కజిన్ కొనుక్కోవాలని చూసే పీడీఎఫ్‌కి రెండో లెక్క వర్తిస్తుంది.

లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికా రచయిత రాసిన భయానక కథల విషయంలోనూ పైపైన చూసి మోసపోతారు. ఆయన 1937లో పోయాడు, మన దగ్గర ఆయన కథలకు గడువు ఎప్పుడో తీరింది. కానీ ఆ ప్రపంచంలోకి తర్వాత ఆగస్ట్ డెర్లెత్ అనే ఇంకో రచయిత కలిపిన జీవులు డెర్లెత్‌వి, ఆయన 1971లో పోయాడు. 1981 నుంచి వస్తున్న కాల్ ఆఫ్ కథూలూ ఆటలో కేయోసియం అనే కంపెనీ వాళ్లు రాసిన వర్ణనలు వాళ్లవి. ఏ జీవి ఏ కథలో మొదట కనిపించిందో చూసుకోకుండా ఆన్‌లైన్ జాబితా నుంచి దించకూడదు.

వికీపీడియా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మేం పల్నాటి చరిత్ర పరిచయం పేజీ అక్కడి నుంచే సగం ఎత్తాం. దాని లైసెన్స్ వాడుకోనిస్తుంది, కానీ దాన్ని మార్చి రాసిన భాగాన్ని కూడా అదే లైసెన్స్ కింద మిగతావాళ్లకు ఇవ్వాలి. మీకది ఇష్టమైతే మంచిదే. ఇష్టం లేకపోతే చదివి మూసేసి మీ మాటల్లో రాసుకోండి, విషయాల మీద ఎవరికీ హక్కు లేదు. వ్యాపారానికి వాడొద్దు అన్న షరతుతో వచ్చే బొమ్మలు అమ్మే పుస్తకంలో పనికిరావు, వంద రూపాయల పుస్తకమైనా అంతే. అచ్చుకు ఫాంట్ కూడా అడుగుతారు. మల్లన్న, రామభద్ర, సురవరం, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, పుస్తకాల్లో నిశ్చింతగా వాడుకోవచ్చు.

మేం ఆటలో బల్ల మీద పెట్టుకోవడానికి కొండపల్లి బొమ్మలు వాడతాం, పొణికి కర్రతో చేసిన చిన్న సిపాయిలు, ఏనుగు అంబారీ. డబ్బాలో పెట్టి అమ్ముదామని అనుకున్నప్పుడు ఒకడు త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌తో చేయించి అదే పేరు పెడదామన్నాడు. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు అక్కడ తయారైన వాటికే. కొండపల్లి ఎంత దూరం, వెళ్లి ఆ పనివాళ్ల దగ్గరే కొందాం అని తేల్చాం.

చివరిగా, నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మా సొంత ఆర్టిస్టు. అట్ట బొమ్మ, మ్యాపు వేసినందుకు ఆమెకు ఫోన్‌పేలో డబ్బు పంపాం, కాగితం లేదు. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాడే మొదటి హక్కుదారు అని చట్టంలో ఉంది. కానీ మ్యాపుకు, డిజిటల్ డ్రాయింగుకు అది ఎంతవరకు వర్తిస్తుందని వాదించుకుంటూ కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు. రాతకైతే అసలు వర్తించదు, బయటివాళ్లతో కథ రాయించుకుంటే హక్కు రాసినవాళ్లదే. హక్కు బదిలీ కావాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశానికే పరిమితం. అంటే ఆరో ఏట రెండో ముద్రణ వేయాలంటే మళ్లీ వెళ్లి అడగాలి. ఇంత జరిగినా బొమ్మ వేసిన మనిషిగా తన పేరు ఉండాలని అడిగే హక్కు ఆమెకు ఎప్పటికీ పోదు.

ఆమెతో కూర్చుని ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. ఆట పుస్తకంలో, పీడీఎఫ్‌లో, ఏ దేశంలోనైనా, పదేళ్లు వాడుకుంటాం, ఇంకెక్కడైనా వాడితే మళ్లీ డబ్బు ఇస్తాం, అసలు బొమ్మ ఆమెది. నియమాల భాగాన్ని మాత్రం, చాపకూడుతో సహా, క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ కింద వదిలేస్తున్నాం. డైస్, బలం, దెబ్బ, పంతం లాంటి మాటలకు మేం పెట్టుకున్న తెలుగు పదాల పట్టిక కూడా దాంట్లోనే ఉంది, ఇంకొకరు రాయలసీమ కథతోనో ఉత్తరాంధ్ర కథతోనో ఆట రాస్తే మళ్లీ మొదటి నుంచి తంటాలు పడక్కర్లేదు.

నిన్న కొత్త ప్రూఫు తీసుకుని మళ్లీ గవర్నర్‌పేట వెళ్లాను. ఓనరు గారు 14వ పేజీ చూశారు, కొరివిదెయ్యం దగ్గర ఆగి "ఇది ఎవరిది?" అన్నారు. రెండో పేజీ తిప్పి చూపించాను. ఎస్ఆర్‌డీ వాక్యం, ఫాంట్ల పేర్లు, ద్విపద శ్రీనాథుడిది, తాత్పర్యం మాది, బొమ్మలు వేసినామె పేరు, ఆమె సంతకం పెట్టిన కాగితం జిరాక్స్. జిరాక్స్ ఆయన ఫైల్లో పెట్టుకుని, ఎన్ని కాపీలు కావాలని అడిగారు.